ఒక కణము రెండగుట

మన చర్మము దినదినము అరుగుచున్నను తరిగిపోవుట లేదు. గాయమైన చోట కొన్నాళ్లకు క్రొత్త చర్మము వచ్చును. ఒక జీవకణము రెండగుటచేతనే ఇది సాధ్యమగుచున్నది. కణవిభజన యనగానే కేంద్రకములోని క్రోమోజోములు రెండు వాటాలగుటయే మనకు స్ఫురించును. కాని ఆస్తి పంపకము ముగిసినంతమాత్రమున కాపురములు వేరుపడవు గదా! నడుమ గోడ లేవవలెను. వృక్షకణములు నిజముగనే అట్టి గోడ కట్టుకొనును. జంతుకణముల మార్గము వేరు.

సంచి మూతికి గ్రుచ్చిన బొందును లాగినచో మూతి ముడుచుకొనును. జంతుకణము నడుము బిగియుటయు ఇట్టిదే. క్రోమోజోములు రెండు కొసలకు చేరునప్పుడు, వాని నడుమ నున్న సూక్ష్మనాళికల కట్టనుండి సంకేతము వెలువడును. దానిచే ప్రేరితమైన 'రో' అను మాంసకృత్తు, కణపు పొరకు లోపలివైపున 'ఆక్టిన్' తంతువులను వలయముగా కూర్పించును. 'మైయోసిన్' అను వేరొక మాంసకృత్తు ఆ తంతువులను లాగి వలయమును బిగించును. మనము చేయి ముడిచినపుడు కండరములలో పనిచేయునవియు ఈ జాతి మాంసకృత్తులే.

దీనికి నిదర్శనము కలదు. 1977లో మబుచి, ఒకునో అను జపాను శాస్త్రజ్ఞులు, మైయోసిన్‌ను అడ్డగించు ప్రతిరక్షకములను సముద్ర నక్షత్రజీవి పిండకణములలోనికి ఎక్కించిరి. క్రోమోజోముల పంపకము యథావిధిగా సాగెను; కణము మాత్రము చీలలేదు.

వలయము ఎంత బిగిసినను పని పూర్తి కాదు. పిల్లకణముల నడుమ సన్నని వంతెన యొకటి మిగిలిపోవును. దాని మధ్యనున్న చిన్న కణుపును జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్లెమింగ్ 1891లోనే వర్ణించెను. ఆ వంతెనను తెంచుటలో 'ఎస్కర్ట్' అను మాంసకృత్తుల బృందమునకు ముఖ్యపాత్ర కలదని 2007లో వెల్లడియైనది. అవి మరచుట్టువలె అల్లుకొని పొరను నొక్కి తెంచును. ఎయిడ్స్ కలిగించు వైరసు కణమునుండి వెలుపడుటకు వాడుకొనునది ఈ బృందమునే!

తెంచుటకును సమయము కావలెను. క్రోమోజోము తునక వంతెనలో చిక్కియుండగా కోత పడినచో వారసత్వపు వ్రాతకే హాని. కనుక 'అరోరా-బి' అను మాంసకృత్తు కోతను కొంతసేపు ఆపును.

అసలు కోతయే పడనిచో? రెండు కేంద్రకములు ఒకే కణమున నిలిచిపోవును. కాలేయమున అట్టి కణములు సహజముగనే కలవు. కాని కాపలాదారయిన 'పి-53' మాంసకృత్తు కొరవడినచోట ఇది ప్రమాదకరము. అట్టి ఎలుక కణములలో విభజన తుదిఘట్టమును అడ్డగింపగా, క్రోమోజోములు రెట్టింపైన కణములు ఎలుకలలో కంతులను పుట్టించినవని 2005లో ప్రకటింపబడినది.

పంపకము ఎంత సరిగా జరిగినను, వేరుపడుట సక్రమముగా జరిగిననే ఆరోగ్యము. మీరీ ప్రసంగము వినుచున్న కొద్ది నిమిషములలోనే మీ దేహమున లెక్కలేనన్ని కణములు, మీకు తెలియకయే, ఆ పనిని ముగించినవి.