మూడో వాల్వు

కార్బురేటర్ బండి నడిపినవాళ్లకు మైలేజీ సెట్టింగ్ సంగతి చెప్పక్కర్లేదు. మెకానిక్ పెట్రోలు తగ్గించి గాలి పెంచేవాడు. బండి కొంతదూరం బాగానే పోయేది. తీరా ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే టకటకలాడి ఆగిపోయేది. గాలి పెంచినా మంట ఆరకుండా ఉండే ఉపాయమే లేదా అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేను వెంటనే బోర్డు మీద 1970ల నాటి హోండా సీవీసీసీ ఇంజను బొమ్మ గీస్తాను. ఇంజన్లలో నాకు అంతకన్నా ఇష్టమైనది లేదు.

ముందు చిక్కెక్కడుందో చూద్దాం. గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తగ్గితే కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు సైలెన్సర్ దారి పడతాయి. గాలి కాస్త పెంచితే ఆ రెండూ తగ్గుతాయి. కానీ మంట ఇంకా మహా వేడిగా ఉంటుంది, పక్కనే మిగులు ఆక్సిజనూ ఉంటుంది. ఆ వేడికి గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి మూడో విషమవుతుంది. ఇంకా బాగా పెంచితే మంట చల్లబడి నైట్రోజన్ జోలికి పోదు. మూడు విషాలూ ఒకేసారి తగ్గేది అక్కడే, పెట్రోలు ఆదా అయ్యేదీ అక్కడే. అయితే అంత పలచని మిశ్రమం స్పార్క్‌కు అంటుకోదు. అంటుకోని ప్రతిసారీ సిలిండర్లోని పెట్రోలంతా కాలకుండానే బయటికి పోతుంది.

1970 చివర్లో అమెరికా తన స్వచ్ఛ వాయు చట్టాన్ని బిగించింది. సెనేటర్ ఎడ్మండ్ మస్కీ పట్టుబట్టి తెచ్చిన సవరణ అది. 1975 మోడల్ కార్లలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు 90 శాతం తగ్గాలంది. డెట్రాయిట్ కంపెనీలు మా వల్ల కాదు, గడువు పెంచమన్నాయి. కార్లు చేయడం మొదలుపెట్టి పదేళ్లయినా కాని హోండాలో, తర్వాత ఆ కంపెనీకి అధ్యక్షుడైన తడాషి కుమే బృందం పని మొదలుపెట్టింది.

వాళ్లు సిలిండర్ తలలో స్పార్క్ ప్లగ్ దగ్గర ఒక చిన్న గది కట్టారు. దానికి సొంతంగా ఒక బుల్లి ఇన్‌టేక్ వాల్వు పెట్టారు. మామూలు వాల్వులు రెండు, ఇది మూడోది. పెద్ద వాల్వు గుండా పలచని మిశ్రమం పెద్ద గదిలోకి వస్తే, బుల్లి వాల్వు చిన్న గదిని చిక్కటి మిశ్రమంతో నింపుతుంది. కంప్రెషన్ ముగిసేసరికి ప్లగ్ చుట్టూ చిక్కగా, గది మూతి దగ్గర మధ్యస్థంగా, పిస్టన్ మీద పలచగా పెట్రోలు పరచుకుని ఉంటుంది. స్పార్క్ పడగానే చిక్కటిది గనక తప్పకుండా అంటుకుంటుంది. చిన్న గదిలో పీడనం పెరిగి, మంట సన్నని మూతిలోంచి పెద్ద గదిలోకి ఎగజిమ్ముతుంది. పచ్చికట్టెల కింద ఎండు కొబ్బరిపీచు వెలిగించినట్టే.

చిన్న గదిలో గాలి చాలక పుట్టిన కార్బన్ మోనాక్సైడ్, పెద్ద గదిలోకి రాగానే అక్కడి మిగులు ఆక్సిజన్‌తో కాలిపోతుంది. మంట నెమ్మదిగా పాకుతుంది కాబట్టి వేడి ఎక్కడా శిఖరానికి పోదు, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. అలాగని త్వరగా చల్లారనూ చల్లారదు, మిగిలిన హైడ్రోకార్బన్లు కాలడానికి సమయం దొరుకుతుంది. సైలెన్సర్లో ఏ మందూ మాకూ లేకుండా విషాన్ని పుట్టినచోటే పట్టుకోవడం ఇది.

1972 డిసెంబరులో ఆన్ ఆర్బర్‌లోని అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలలో ఈ ఇంజను పరీక్షకు నిలిచి, 1975 పరిమితులను అందరికన్నా ముందు అందుకుంది. చిన్న ఇంజన్లకు సరే, మా పెద్ద వాటికి పనికొస్తుందా అన్న మాట డెట్రాయిట్ నుంచి వినిపించింది. హోండా షెవర్లే ఇంపాలా ఒకటి కొని, దాని 5.7 లీటర్ల వీ8 ఇంజనుకు కొత్త తలలు, కొత్త కార్బురేటర్ బిగించింది. బ్లాకు, పిస్టన్లు డెట్రాయిట్‌వే. 1973లో అదే ప్రభుత్వ పరీక్షలో అదీ నెగ్గింది. ఇంతకన్నా మర్యాదైన జవాబు నేను వినలేదు.

పెద్ద కంపెనీలతో సమానంగా నిలబడే అవకాశం వచ్చిందని కంపెనీ స్థాపకుడు సోయిచిరో హోండా సంబరపడుతుంటే, మేం చేస్తున్నది కంపెనీ కోసం కాదు, సమాజం కోసమని కుర్ర ఇంజనీర్లు అన్నారట. తన కాలం అయిపోయిందని ఆయనకు అప్పుడే అనిపించింది. 1973లో తప్పుకున్నారు.

అంత మంచి ఇంజను ఓడిపోయింది కూడా. 1970ల చివర్లో వోల్వో ఆక్సిజన్ సెన్సర్‌తో, మూడు విషాలనూ ఒకేచోట విరిచే కెటలిటిక్ కన్వర్టర్ తెచ్చింది. అది పనిచేయాలంటే గాలి సరిగ్గా 14.7 దగ్గరే ఉండాలి. ఆక్సిజన్ మిగిలితే నైట్రోజన్ ఆక్సైడ్లు విరగవు. దాంతో ప్రపంచంలోని పెట్రోలు కార్లలో ఎక్కువ భాగం ఆ అంకెకే కట్టుబడిపోయాయి. పలచగా కాల్చి ఆదా చేసే దారి అలా మూసుకుపోవడం నాకు ఇప్పటికీ బాధే. 1980ల చివరికి సీవీసీసీ కనుమరుగైంది. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన కొత్త బైకుల్లోంచి కార్బురేటరే దాదాపుగా మాయమైంది.

చిన్న గది మాత్రం తిరిగొచ్చింది. 2014లో ఇంధన ప్రవాహాన్ని గంటకు 100 కిలోలకు కట్టడి చేశాక ఫార్ములా వన్ జట్లు దాన్ని మళ్లీ పట్టుకున్నాయి. 2020లో మజరాటి నెట్టూనో ఇంజనులోనూ పెట్టారు. వీటికి మూడో వాల్వు లేదు. పెద్ద గదిలోని మిశ్రమాన్నే పిస్టన్ చిన్న గదిలోకి నెడుతుంది. ట్రాఫిక్‌లో నిదానంగా పోయేటప్పుడు అది చాలదని నెట్టూనోలో పెద్ద గదికి రెండో ప్లగ్ పెట్టాల్సి వచ్చింది. చుట్టు చుట్టుకూ తాజాగా చిక్కటి మిశ్రమం అందే హోండా చిన్న గదికి ఒక్క ప్లగ్ సరిపోయింది.