పొడ తూర్పుకు పేరొచ్చింది, మరి మందకు పైసలెట్ల?

మా అమ్రాబాద్ దిక్కు నల్లమల అడవిల ఒక పశువుల జాతి ఉన్నది. పేరు పొడ తూర్పు. ఒంటిమీద మచ్చలుంటయి గనుక పొడ. ఈ ఎడ్లు తూర్పు దిక్కునుంచి వస్తయి గనుక పాలమూరు పడమటి రైతులు తూర్పు ఎడ్లన్నరు. పెంపకందార్లు సంఘం పెట్టుకొని అడిగితే, 2020ల కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీన్ని ప్రత్యేక జాతిగ రిజిస్టర్ చేసింది. మనకది గర్వమే. గని సర్టిఫికెట్ వస్తె మంద నిలవడదు. గిట్టుబాటైతేనే నిలవడుతది. ఆ లెక్క చదువుకున్న పోరగాండ్లకు తెలవాలని ఇది రాస్తున్న.

ముందుగాల ఈ యాపారం ఏందో సమజ్ చేసుకోవాలె. ఇది పాల యాపారం కాదు. ఆవు ఇచ్చేదే కొన్ని పాలు, అవి ఎక్కువగ దూడకే పోతయి. మన తండాలల్ల ఆమ్దానీ అంత కోడెల మీదనే. అడవిల మేపి, సాది, దీపావళి దాటినంక కురుమూర్తి జాతరల అమ్ముతరు. ఎండకు ఓర్చుకుంటయి, గట్టిగ పనిచేస్తయి, అందుకే గిరాకీ. ట్రాక్టర్లొచ్చి ఆ గిరాకీ తగ్గింది, నిజమే. గని పత్తి చేను ఎదిగినంక సాళ్ల నడుమ గుంటుక తోలనీకె ట్రాక్టర్ పోదు, ఎడ్లే కావాలె. అంటే కొనెటోడు ఇంక ఉన్నడు. వానికి మనం ఎట్ల అమ్ముతున్నమన్నదే అసలు ముచ్చట.

నా లెక్కల మొదటి పని జత కలుపుడు. రైతు ఒంటెద్దును కొనడు, కొన్నా ధర తగ్గించి అడుగుతడు. ఈడు, ఎత్తు, రంగు కలిసిన జతకు మంచి ధర పలుకుతది. నీ మందల ఒక మంచి కోడె, పక్క తండాల దానికి సరిజోడు ఇంకొకటి ఉండొచ్చు. ఇద్దరూ విడివిడిగ అమ్మితే లాభం దళారికి పోతది. ఆయన రెండింటినీ కొని, జత కట్టి మళ్ల అమ్ముకుంటడు. జాతర కంటే రెండు నెలల ముందే ఊర్లల్ల కోడెల ఫొటోలు, ఈడు, ఎత్తు ఒక వాట్సాప్ గ్రూపుల పెట్టి మనమే జతలు కలుపుకోవచ్చు. కొన్నొద్దులు గుంటుకకు మరిపితే ధర ఇంక పెరుగుతది. దీనికి పెట్టుబడి లేదు, పోరగాండ్ల ఫోన్లు చాలు.

రెండోది లెక్క రాసుడు. మేత అడవిదే గదా, ఖర్చేముందంటరు. కాపరి కూలి, మందులు, సచ్చిపోయిన దూడలు, పులి పట్టినయి, ఇవన్ని ఖర్చే. ఊరికే ఒక లెక్క చూద్దాం: మూడేండ్లు సాదిన కోడెను 40 వేలకు అమ్మితే ఏడాదికి పడేది 13 వేల చిల్లర. అండ్ల ఖర్చు తీస్తె ఎంత మిగులుతదో చూసుకోకుండనే బేరానికి కూసుంటే ఎదుటోడు చెప్పిందే ధర.

మూడోది బ్యాంకు. కిసాన్ క్రెడిట్ కార్డు ఒక్క పంటకే అనుకుంటరు చానమంది. పశువులు సాదెటోళ్లకు గూడ 2019 నుంచి ఇస్తున్నరు. 2025 జనవరి నుంచి 2 లక్షల దాక రైతు రుణానికి తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇంట్ల ఆపదొస్తె మనోడు సగం ఎదిగిన కోడెనే అగ్గువకు అమ్ముకుంటడు. చేతిల అప్పు సౌలతుంటే ఇంకొక ఏడాది ఆగుతడు. పశువుల దవాఖానల చెవిపోగు వేయించుకుంటే 12 అంకెల నంబరొస్తది. బీమాకు అది ఉండాల్సిందే. పులి చంపితే పశువును కదపకుండ అటవీ శాఖకు వెంటనే చెప్పాలె, లేకుంటే పరిహారం దగ్గర పేచీ వస్తది.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది, మేత. మనం ఉన్నది పులుల రిజర్వు. మేపనిస్తరా లేదా అన్నది ఏటేటా భయమే. 2006 అటవీ హక్కుల చట్టం మేపుకునే హక్కును సామాజిక హక్కుల్ల చేర్చింది. అడగాల్సింది ఒక్కొక్కరు బతిమాలుకుంట కాదు, గ్రామసభ తీర్మానంతోని దరఖాస్తు పెట్టి. ఏ దారిన పోతరు, ఏ వాగుకాడ దించుతరు, ఏ నెలల్ల మేపుతరు అని పెద్దమనుషులను అడిగి పటం గీయాలె. అడవికి గూడ కట్టుబాటుండాలె: ఇన్ని పశువులే, ఈ జాగలకు పోవద్దు అని మనమే రాసుకుంటే మన మాటకు బలముంటది.

హైదరాబాద్ పోయి డెలివరీ పని చేస్తున్న తమ్ముళ్లను నేను తప్పు పట్టను. మందల పైసలు కనవడకపోతె ఎవరైన పోతరు. తాత కాలం నుంచి వచ్చిందని చెప్పి ఎవ్వరిని ఆపలేం. గని జత కలుపుడు, లెక్క, కార్డు, తీర్మానం, ఈ నాలుగూ ముసలోళ్లు ఒక్కరే చేసే పనులు కావు. చదువొచ్చినోడు ఊరికొక్కడు పట్టుకున్నా నడుస్తది. వచ్చే కురుమూర్తి జాతరకు కనీసం పది జతలు మనమే కలిపి తోలుకపోయి, ఏ ధర వచ్చిందో రాసుకుందాం. ఆ కాయితం చూసినంక ఉండుడా, పోవుడా అన్నది ఎవలకు వాళ్లు తేల్చుకోవచ్చు.