పాట పక్కన మనిషి పేరు

ఇష్టమైన పాటలు పది చెప్పమంటే ఎవరైనా ఇట్టే చెప్పేస్తామనుకుంటారు. కాగితం, కలం పుచ్చుకుని కూర్చుంటే గాని సంగతి తెలియదు. నాలుగో పాట దగ్గర కలం ఆగుతుంది. ఆరోది రాసేసరికి మొదటిది కొట్టేయాలనిపిస్తుంది. పదోది వచ్చేసరికి ఇంట్లో తగువు మొదలవుతుంది.

మా ఇంట్లో ఆ తగువు ఈ మధ్యనే జరిగింది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మనవరాలు, "తాతయ్యా, నీ పాటలు పది చెప్పు. అన్నీ వరసగా కూర్చి నీ ఫోనులో పెడతాను. ఒక్కసారి నొక్కితే పాడుతూనే ఉంటాయి" అంది. నేను రాస్తూంటే మా ఆవిడ తొంగి చూసి, "ఇదేం పాటండీ? ఇంతకంటే మంచివి లేవూ?" అంది. ఉన్నాయి, బోలెడున్నాయి. కాని మంచి పాట వేరు, ఇష్టమైన పాట వేరు. ఏది మంచి పాటో సంగీతం తెలిసినవారు చెబుతారు. ఎందుకిష్టమో చెప్పాలంటే మాత్రం, దాన్ని ఎవరి పక్కన కూర్చుని విన్నామో చెప్పాలి.

మాది ఆలమూరు. గౌతమికి దాపున ఉన్న ఊరు. నా జాబితాలోని పాటల పక్కన ఉన్న మనుషుల్లో కొందరు వీరు.

నాయనమ్మ, నందివర్ధనాలు

మా వీధిలో గ్రామఫోను ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి అరుగు మీద సాయంత్రాలు పిల్లలం, పెద్దలం చేరేవాళ్లం. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి "పుష్పవిలాపం" పద్యాలు ఘంటసాల గొంతులో మొదటిసారి అక్కడే విన్నాను. పూజకని పూలు కోయబోయినవాణ్ణి ఆ పూలే నిలదీసి అడిగే పద్యాలవి.

మర్నాడు పొద్దున్న నాయనమ్మ పూలసజ్జ పుచ్చుకుని పెరట్లోకి వెళ్లింది. వెళ్లినది వెళ్లినట్టే తిరిగివచ్చింది. ఆ రోజు దేవుడికి తులసిదళంతో సరిపెట్టింది. ఆ పైన ఆవిడకొక ఉపాయం తోచింది. పారిజాతాలు ఎలాగూ రాలినవే ఏరుకుంటారు గదా, ఆ నియమం నందివర్ధనానికి మాత్రం ఎందుకు చెల్లదని చెట్టు కింద గుడ్డ పరిచి, నన్ను కొమ్మ ఊపమనేది. ఊపితే పడిన పువ్వు రాలినట్టా, కోసినట్టా అన్న ధర్మసందేహం నాకు ఈనాటికీ తీరలేదు. ఆ పద్యాలు వినబడితే అందరికీ దుఃఖం వస్తుంది. నాకు నవ్వొస్తుంది. నాయనమ్మ కనిపిస్తుంది.

పాట కోసం కాచుకున్న రోజులు

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఇంట్లోకి రేడియో వచ్చింది మాత్రం చాలా ఏళ్ల తరువాత. పొద్దున్నే భక్తిరంజని వస్తూంటే అమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు కాకుండా పని చేసుకునేది. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాలి ఆ రోజుల్లో. అందుచేత నాన్నగారు, "డబ్బు కట్టాం, వినండర్రా!" అంటూ పశువుల మేత కబుర్లతో సహా అన్నీ వినిపించేవారు.

పాట మనం పిలిస్తే వచ్చేది కాదు. అదొచ్చే వేళకు మనమే వెళ్లి కూర్చోవాలి. ఒకసారి తప్పిపోతే మళ్లీ ఎన్నాళ్లకో! సినిమాహాలు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. సగం కథ చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. అందులో మాటలుండేవి, బాణీ మటుకు మనమే గుర్తుంచుకోవాలి. ఒకరు మొదలుపెట్టడం, మరొకరు "అలా కాదు" అని దిద్దడం - అలా ఒక్కొక్క పాటా ఇంటిల్లిపాదికీ వచ్చేసేది.

పంటు మీద వెన్నెల పాట

"మాయాబజార్" 1957లో వచ్చింది. అందులోని పడవ పాట తెలియని తెలుగువారుంటారా? బాణీ సాలూరి రాజేశ్వరరావుగారిది, పాడినవారు ఘంటసాల, పి. లీల. ఆ వెన్నెలంతా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ చేసిన మాయ.

మరుసటి వేసవిలో అక్కయ్యను అత్తవారింటికి పంపించాం. జొన్నాడ దగ్గర వంతెన లేని రోజులు. గౌతమి దాటి రావులపాలెం వెళ్లాలంటే పంటు ఎక్కవలసిందే. సారె బుట్టలు, ట్రంకు పెట్టె, కొబ్బరిబోండాలు, మధ్యన పెళ్లిబట్టల్లో అక్కయ్య. అమ్మ రేవులోనే నిలబడిపోయింది. పంటు కదలగానే మా బావ స్నేహితుడెవరో ఈ పడవ పాట ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. నేనూ గొంతు కలిపాను, చిన్నతనం గదా! మాకది విలాసయాత్ర. ఒడ్డున ఉన్న అమ్మకు పాట వినిపిస్తూ, కూతురు దూరమవుతూ ఉంది.

ఆ తరువాత రేడియోలో ఆ పాట వచ్చినప్పుడల్లా మేం పరుగెత్తుకుని వచ్చేవాళ్లం, అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. ఒకే ఇల్లు, ఒకే పాట! నా జాబితాలో అది మొదటిది. అమ్మ జాబితా రాసి ఉంటే అది ఉండేదే కాదు.

1964లో గోదావరి మీద తీసిన "మూగమనసులు" వచ్చింది. గట్టు మీద జమున పాడే పాట దాశరథిగారిది, గొంతు సుశీలది. దాశరథిగారు ఓరుగల్లు వైపువారు, మా గోదారి గట్టు సంగతి ఆయనకెలా తెలిసిందని బావ ఆశ్చర్యపోతే, అక్కయ్య, "గోదారి మీ ఒక్కరి సొత్తా? తెలంగాణం దాటుకునే గదా మీ దాకా వచ్చింది!" అంది. ఆ పాట పక్కన వాళ్లిద్దరి పేర్లూ రాశాను.

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. చివరి రోజుల్లో ఆయన పాడిన భగవద్గీత ఇప్పుడు ఏ వీధిలో వినిపించినా, "ఎవరు పోయారు?" అని గుమ్మంలోకి వస్తాం. నాన్నగారు దాన్ని దినమూ వినేవారు. ఇరుగుపొరుగు కంగారు పడితే, "కృష్ణుడు చెప్పింది బతికున్నవాడికే గదయ్యా!" అనేవారు.

పేరు లేని పాట

మా మేనత్త చివరిదాకా మా దగ్గరే ఉంది. ఆవిడ పోయాక పెట్టెలో ఒక నోటుపుస్తకం దొరికింది. పాటల పుస్తకాల్లోంచి ఎత్తి రాసుకున్న పాటలు. ప్రతి పాట పక్కనా చిన్న అక్షరాలతో ఒక గుర్తు. ఒకదాని పక్కన "పెద్దన్నయ్య", ఒకదాని పక్కన "కాటన్ ఆనకట్ట చూసిన రోజు", ఇంకొకదాని పక్కన "పిల్లాడికి జ్వరం తగ్గింది". చదువుతూంటే ఇంటి చరిత్రంతా కళ్లకు కట్టింది.

ఒక్క పాట పక్కన మాత్రం ఏమీ లేదు. 1951లో వచ్చిన "మల్లీశ్వరి"లో నాయకుడూ నాయికా మేఘంతో కబురంపుకునే పాట. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాట, రాజేశ్వరరావుగారి బాణీ, ఘంటసాల, భానుమతి పాడారు. అన్నిటికంటే కుదురుగా, సిరా మరక లేకుండా రాసుకున్న పాట అదే. పక్కన ఖాళీ.

అక్కయ్య ఒకలా అంటుంది, మా ఆవిడ మరొకలా అంటుంది. చిన్నప్పుడే భర్తను పోగొట్టుకున్న మనిషి గనుక ఆయన కోసమేనంటారు ఒకరు. ఏ కారణమూ లేక ఊరికే నచ్చిందేమోనంటారు ఇంకొకరు. చెప్పవలసిన మనిషి లేదు. పాటకు మాత్రం ఏమీ కాలేదు. ఫోను నొక్కితే డెబ్బై ఏళ్ల నాటి గొంతులు ఈ క్షణాన పలుకుతాయి. దాన్ని వింటూ మా మేనత్త ఎవరిని తలుచుకుందో ఏ యంత్రమూ చెప్పలేదు.

అందుచేత మనవరాలికి పంపిన కాగితంలో పాటల పేర్లతో ఊరుకోలేదు. పక్కన మనిషి, ఊరు, సంవత్సరం రాశాను. పది వరసలనుకున్నది నాలుగు పేజీలైంది.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటారు. పండక్కి అందరూ కలిసినప్పుడు, భోజనాలయ్యాక, వాళ్లకిష్టమైన పాట ఏదో అడగండి. చెప్పగానే వినిపించేయకండి. "ఎవరితో విన్నావు?" అని మరొక ప్రశ్న వేసి, కాసేపు ఓపిక పట్టండి. ముందు "ఆఁ, ఏముంది!" అంటారు. తరువాత చెబుతారు. చెప్పింది రాసిపెట్టండి.