గుగ్గులు: గాటు పెట్టేదొకరు, గడించేదొకరు

కీళ్లనొప్పులకు యోగరాజ గుగ్గులు మాత్రలు మింగే రైతులు మన పల్లెల్లో కొల్లలు. పచారీ కొట్లో ధూపానికి అమ్మే మహిసాక్షి కూడా ఆ జిగురే. (మనవాళ్లు గుగ్గిలం అనేది వేరు, అది సాలవృక్షపు బంక.) ఈ జిగురునిచ్చేది కచ్ఛ్, రాజస్థాన్ ఎడారుల్లోనూ, సరిహద్దు కవతల సింధులోనూ పెరిగే ఓ ముళ్లపొద. ఏడాదిలో చాలాకాలం ఆకు లేకుండా ఎండుకట్టెలా నిలబడి ఉంటుంది. జిగురు తీసే అదనుకు రావాలంటే ఎనిమిది, పదేళ్లు పడుతుంది.

చలికాలం మొదలు బెరడుకు గాట్లు పెడతారు. పైపైన పెడితే మొక్క బతుకుతుంది గానీ కారేది కొద్దే. ఒక్కో మొక్కకు అరకిలో దక్కితే గొప్ప. అందుకని గాటు లోతుగా దించి, గుర్రపు మూత్రంలో మైలుతుత్తం కలిపి పూస్తారు. జిగురు ఉబికి వస్తుంది. పొద కాస్తా ఎండి చస్తుంది.

అజ్ఞానంతో చెట్టును చంపుకుంటున్నారని పట్నాల్లో కూర్చుని తిట్టేవాళ్లున్నారు. వానల్లేని నేలలో సెంటు భూమి లేని కూలీ ఏం చేస్తాడు? బంజరులో పొద అతని సొత్తు కాదు. ఈవేళ తను ఆగితే రేపు ఇంకొకడు గాటు పెడతాడు. తూకం, ధర వర్తకుడి చేతిలో ఉంటాయి. ఇలా నరికి నరికి, ఈ పొద అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న మొక్కల అంతర్జాతీయ జాబితా కెక్కింది. సరుకు కొరతైతే కల్తీకి కొదవుండదు. వేరే జిగుర్లు కలిపి గుగ్గులని అమ్ముతున్నారు.

పోనీ, మందుగానైనా నిక్కమేనా? 1966లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి, సుశ్రుతుడి మాట పట్టుకుని కుందేళ్లపై పరీక్షించి, ఇది రక్తంలో కొవ్వు తగ్గిస్తుందన్నారు. 1980ల్లో లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కృషితో మాత్రలూ వచ్చాయి. 2003లో అమెరికాలో 103 మందిపై ఎనిమిది వారాలు జరిపిన పరీక్షలో మాత్రం చెడ్డ కొవ్వు తగ్గకపోగా నాలుగైదు శాతం పెరిగింది. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఇది వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ నమోదయ్యాయి.

చెట్టుమందు కదా, ఏం చేస్తుందిలే అనుకునేవారు ఇంకోటి గమనించాలి. గుండెజబ్బుకూ రక్తపోటుకూ వాడే డిల్టియాజెమ్, ప్రొప్రనలాల్ మాత్రలను గుగ్గులు ఒంటికి పట్టనివ్వదు. గర్భిణులు దీని జోలికి పోకూడదు. ఆ మాత్రలు వేసుకునేవారు గుగ్గులు వాడుతున్న సంగతి డాక్టరుకు విధిగా చెప్పాలి, ఆయన అడక్కపోయినా సరే.