పట్టడం, పూనడం, పలకడం: ‘ది ఎక్సార్సిస్ట్’ చిత్రాన్ని కొల్నార కొండల నుంచి చూస్తే

భయానక చలనచిత్రాల చరిత్రలో ‘ది ఎక్సార్సిస్ట్’కు ప్రత్యేక స్థానం ఉంది. విలియం పీటర్ బ్లాటీ 1971లో ప్రచురించిన నవల ఆధారంగా విలియం ఫ్రీడ్‌కిన్ దర్శకత్వంలో 1973 డిసెంబరులో ఈ చిత్రం విడుదలైంది. ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ పోటీకి ఎంపికైన మొదటి భయానక చిత్రం ఇదే. ఈ చిత్రం ప్రతిపాదించే సమస్యను మన భాషా సంస్కృతుల పరిధిలో, ముఖ్యంగా తెలుగు, కువి, సవర భాషలు కలిసే కొల్నార ప్రాంతపు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథ క్లుప్తంగా ఇది. రీగన్ అనే పన్నెండేళ్ల బాలిక విపరీతంగా ప్రవర్తిస్తుంది. వైద్యులు పరీక్షలన్నీ చేసి చేతులెత్తేస్తారు. తల్లి చివరికి కారస్ అనే క్రైస్తవ పురోహితుణ్ణి ఆశ్రయిస్తుంది. ఆయన మానసిక వైద్యుడు కూడా. న్యూయార్కులో ఒంటరిగా ఉన్న తన తల్లి దిక్కులేకుండా చనిపోయిందన్న అపరాధభావం ఆయన్ను తినేస్తుంటుంది. తనలో విశ్వాసం మిగల్లేదని ఆయన అప్పటికే తోటి పురోహితుడి దగ్గర ఒప్పుకొని ఉంటాడు. కనుక ఈ చిత్రంలో సంకటం రెండు చోట్ల ఉంది: పిల్లకు దయ్యం పట్టింది, పురోహితుడికి దేవుడు దూరమయ్యాడు.

కారస్ చేసే పరీక్షలు గమనించదగినవి. 1614 నాటి రోమన్ కర్మకాండ గ్రంథం, ఎవరికైనా దయ్యం పట్టిందని తొందరపడి నమ్మవద్దని పురోహితుణ్ణి హెచ్చరిస్తుంది. తెలియని భాష మాట్లాడటం, రహస్యాలు చెప్పడం, వయసుకు మించిన బలం చూపడం వంటి లక్షణాలను చూడమంటుంది. కారస్ మామూలు కుళాయి నీళ్లను పవిత్రజలమని చెప్పి చల్లితే పిల్ల మెలికలు తిరుగుతుంది. అంటే అది నటనో రుగ్మతో కావచ్చు. ఆమె మాట్లాడిన వింత భాషను రికార్డు చేసి వెనక్కు తిప్పి వింటే అది ఇంగ్లీషే. ఇలా భాషాపరీక్షే ఇక్కడ విశ్వాసపరీక్ష అయింది.

ఇక మన భాష సంగతి. ఇంగ్లీషువారు ఒకే మాటతో చెప్పేదాన్ని తెలుగు విడదీసి చెబుతుంది. దయ్యం ‘పడుతుంది’, గాలి ‘సోకుతుంది’, అమ్మవారు ‘పూనుతుంది’ లేదా ‘ఒంటిమీదికి వస్తుంది’. పట్టినదాన్ని వదిలించాలి, పూనినదాన్ని అడగాలి, దాని మాట వినాలి. బండికి ఎద్దులను ‘పూన్చడం’, ఒక పనికి ‘పూనుకోవడం’ కూడా ఈ కుదుటికి చెందినవే. మరో విశేషం, ‘దయ్యము’ అన్నది ‘దైవము’ శబ్దానికే తద్భవం. వదిలించేవాణ్ణి మనం ‘భూతవైద్యుడు’ అన్నాం, అంటే అతణ్ణి పురోహితుల వరుసలో కాక వైద్యుల వరుసలో కూర్చోబెట్టాం. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసి దళం’ నవలలో మంత్రవిద్యా వైద్యశాస్త్రమూ పక్కపక్కనే నడవడం తెలుగు పాఠకులకు సహజంగా తోచడానికి ఇదొక కారణం కావచ్చు.

కొల్నార నేటి ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక బ్లాకు కేంద్రం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం ఏజెన్సీలో, జయపురం జమీందారీ కింద ఉండేది. ఆ తరువాత కోరాపుట్ జిల్లాలో ఉండి, 1992లో రాయగడ జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఇక్కడి కోందులు మాట్లాడే కువి తెలుగుతోపాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందిన భాష. కోందుల్లో ‘జాని’ గ్రామపూజలు, బలులు నిర్వహిస్తాడు. ‘బెజుణి’ పూనకంలో దేవతల మాట వినిపిస్తుంది. ఈమె సాధారణంగా స్త్రీ. కర్మ ఒకరిది, గొంతు మరొకరిది.

ఆగ్నేయంగా గుణుపురం వైపు వెళితే సవరల సీమ. ముండా కుటుంబానికి చెందిన వీరి భాషను తెలుగువారికి పరిచయం చేసినవారు గిడుగు రామమూర్తి (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆ భాష నేర్చి, సవర పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు రాసి, 1931లో సవర భాషా బోధిని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. సవర మతంపై వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద గ్రంథం ప్రచురించారు. 1970ల నుంచి వారి మధ్య పరిశోధన చేసిన పియర్స్ విటెబ్‌స్కీ 1993లో, 2017లో రెండు ముఖ్యమైన పుస్తకాలు రాశారు.

ఈ పరిశోధనల ప్రకారం సవరల ‘కురాన్’ (స్త్రీ అయితే ‘కురాన్‌బోయి’) సమాధిస్థితిలో పాతాళానికి దిగితే, చనిపోయినవారు ఒకరి తరువాత ఒకరు ఆ నోటితో మాట్లాడతారు. బంధువులు చుట్టూ కూర్చుని వారితో ఏడుస్తారు, వాదిస్తారు, పోట్లాడతారు. మృతులు బతికినవారిపై ప్రేమతోనే, తమ చావు బాధనే వారికి అంటించి రోగం తెస్తారు. ఏళ్ల తరబడి సాగిన సంభాషణల వల్ల ఆ బాధ తగ్గి, వారు రక్షించే పూర్వీకులవుతారు, వారి పేరు పుట్టిన బిడ్డకు వస్తుంది.

చిత్రంలో ఒక ఘట్టాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. భూతం కారస్ తల్లి గొంతుతో, తల్లి రూపంతో ఆయన్ను నిలదీస్తుంది. దానితో మాట కలపవద్దని వృద్ధ పురోహితుడు మెరిన్ ముందే ఆజ్ఞాపించి ఉంటాడు. ఆయన శాస్త్రం ప్రకారం అది మోసం. సవర గూడెంలో అయితే ఆ కొడుకు తల్లికి జవాబు చెప్పేవాడు. ఎందుకు రాలేదని ఆమె అడిగేది, అతను సంజాయిషీ చెప్పేవాడు, మరోసారి మళ్లీ కలిసేవారు. కారస్‌కు అటువంటి సంభాషణ లేదు. చివరికి భూతాన్ని తనలోకే రమ్మని సవాలు చేసి, కిటికీలోంచి దూకి ప్రాణం వదులుతాడు. ఇతరులకోసం చేసిన ఆ త్యాగంలోనే ఆయన విశ్వాసం తిరిగివచ్చిందని చాలామంది వ్యాఖ్యానం.

విశ్వాసం సడలడం ఈ కొండలకూ తెలిసిన విషయమే. మంగేయి గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించినప్పుడు అక్షరాలే ఆరాధ్యాలైన కొత్త మార్గం ఒకటి మొదలైంది. కెనడా బాప్టిస్టు మిషనరీల కృషి ఫలితంగా సవర యువతరంలో ఎక్కువమంది క్రైస్తవులయ్యారు. బలుల ఖర్చు, మృతుల భయం తప్పాయి, చదువు వచ్చింది. అయితే విటెబ్‌స్కీ చూపినట్లు, చనిపోయినవారితో మాట్లాడే దారి కూడా మూసుకుపోయింది. ఇక్కడ విశ్వాసం పోగొట్టుకున్నది ఒక పురోహితుడు కాదు, అతని మాట వినే సమాజం. వినేవారు లేని కురాన్ గొంతు ఆగిపోయింది.

దీన్ని కేవలం గతవైభవంగా చూడటం కూడా సరికాదు. జర్మనీలో అనెలీసె మిషెల్ అనే యువతి నెలల తరబడి జరిగిన భూతోచ్చాటన తరువాత ఆహారం లేక 1976లో మరణించింది. తల్లిదండ్రులకు, ఇద్దరు పురోహితులకు 1978లో న్యాయస్థానం శిక్ష విధించింది. మన వైపు చేతబడి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు ఉన్నందువల్లే ఒడిశా 2013లో మంత్రగత్తె వేట నిరోధక చట్టం చేసింది. రోగికి వైద్యం అందాలి, అనుమానితులకు రక్షణ ఉండాలి. ఈ విషయంలో రాజీ లేదు.

అయినా పట్టడానికీ పూనడానికీ మధ్య మన భాష కాపాడిన తేడా విలువైనది. ఒకదానిలో మనిషి గొంతు నొక్కబడుతుంది, రెండోదానిలో చెప్పుకోలేని దుఃఖానికి గొంతు దొరుకుతుంది. కువి, సవర, సరిహద్దు తెలుగు మాండలికాల్లో ఈ అనుభవాలకున్న క్రియాపదాలను చెప్పగలిగే పెద్దలు నానాటికీ తగ్గుతున్నారు. గిడుగువారు చూపిన బాటలో వాటిని సేకరించే పని తెలుగు విద్యార్థులది. ఆలస్యమైతే నిఘంటువులో మాట మిగులుతుంది గాని, దాన్ని పలికే సందర్భం మిగలదు.