పుట్టిల్లు దూరమైనప్పుడు బాలింతకు తోడెవరు?

తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్ళడం మన ఆనవాయితీ. సీమంతం చేసి తీసుకువెళితే, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక గానీ అత్తవారింటికి పంపేవారు కాదు. దీన్ని మనం ఒక ముచ్చటగానే చూస్తాం గానీ, దాని వెనుక పెద్ద ఏర్పాటే ఉంది. నీళ్ళు కాచేవారు ఒకరు, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించేవారు ఒకరు, పథ్యం వండేవారు ఒకరు, అర్ధరాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకునేవారు ఒకరు. బాలింతకు మిగిలే పనులు రెండే: పాలివ్వడం, పడుకోవడం.

అదే కాన్పు క్రాన్‌బర్న్‌లో జరిగితే? ఒకటి రెండు రోజుల్లో ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేస్తారు. సెలవు అయిపోగానే భర్త పొద్దున్నే రైలెక్కి సిటీకి వెళ్తాడు. అమ్మ వస్తే వీసా ఉన్నంత కాలమే. కొందరికి ఆ అవకాశమూ ఉండదు. 2020 మార్చిలో ఆస్ట్రేలియా సరిహద్దులు మూసినప్పుడు, ఇక్కడి పౌరుల, పర్మనెంట్ రెసిడెంట్ల తల్లిదండ్రులు కూడా 2021 నవంబరు 1 దాకా ప్రత్యేక అనుమతి లేకుండా రాలేకపోయారు. ఆ రోజుల్లో బిడ్డను కన్నవారిని అడిగితే పుట్టిల్లు విలువ ఏమిటో చెబుతారు. పుట్టింటివాళ్ళు చేసే ఆ పనులన్నీ ఇక్కడ ఎవరు చేయాలన్నదే ఈ వ్యాసం.

డూలా అంటే ఎవరు?

డూలా అన్నది గ్రీకు మాట. సేవ చేసే స్త్రీ అని అర్థం. అమెరికన్ మానవశాస్త్రవేత్త డేనా రఫేల్ 1973లో వెలువడిన తన పుస్తకంలో, కొత్త తల్లి బిడ్డకు సరిగా పాలివ్వగలిగేలా పక్కన ఉండి చూసుకునే స్త్రీని ఈ మాటతో పిలిచారు. ఆ తర్వాత క్లాస్, కెనెల్ అనే వైద్యులు గ్వాటెమాలాలో, నొప్పులు పడే సమయంలో పక్కన ఒక తోడు ఉంటే ఏం మేలు జరుగుతుందో పరిశోధించారు. దాంతో డూలా అంటే కాన్పు గదిలో తోడు అనే అర్థం ఎక్కువ ప్రచారంలోకి వచ్చింది. ఈనాడు రెండు రకాల వారూ ఉన్నారు: కాన్పు సమయంలో ఉండేవారు, కాన్పయ్యాక ఇంటికి వచ్చేవారు. మనం మాట్లాడుకునేది రెండో రకం గురించి.

ఈ డూలా వారానికి కొన్ని గంటలు ఇంటికి వస్తుంది. తల్లి స్నానం చేసి కాస్త నిద్రపోయేదాకా బిడ్డను చూసుకుంటుంది, వంటలో సాయపడుతుంది, పాలిచ్చేటప్పుడు బిడ్డను ఎలా పట్టుకోవాలో చూపిస్తుంది, తల్లి చెప్పుకునేది ఓపికగా వింటుంది. మందులివ్వడం, కుట్లు పరీక్షించడం, జబ్బు నిర్ణయించడం ఆమె పని కాదు. ఆస్ట్రేలియాలో మిడ్‌వైఫ్ అంటే రిజిస్ట్రేషన్ ఉన్న వైద్య వృత్తి. డూలాకు అలాంటి రిజిస్ట్రేషన్ లేదు, ఆమె ఫీజుకు మెడికేర్ రాదు. కాబట్టి ఎవరినైనా పెట్టుకునే ముందు ఎక్కడ శిక్షణ పొందారో, వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ ఉందో లేదో అడగండి. ఏయే పనులు చేస్తారు, ఏవి చేయరు, గంటకు ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. ముందుగా పనిచేసిన ఒకరిద్దరు తల్లులతో మాట్లాడడం అన్నిటికన్నా మంచిది.

డబ్బు లేకుండా దొరికే సాయం

డూలా ఖర్చు అందరూ భరించలేరు. అయితే విక్టోరియాలో ఉచితంగా అందే సేవలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి తెలియకే చాలామంది వాడుకోరు. మొదటిది మెటర్నల్ అండ్ చైల్డ్ హెల్త్ సర్వీస్. మన ప్రాంతంలో దీన్ని కేసీ కౌన్సిల్ నడుపుతుంది. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే నర్సు ఇంటికి వచ్చి చూస్తుంది. ఆ తర్వాత 2, 4, 8 వారాలకు, 4, 8, 12, 18 నెలలకు, 2 ఏళ్ళకు, మూడున్నర ఏళ్ళకు, మొత్తం 10 సార్లు. ఆసుపత్రిలో ఇచ్చే ఆకుపచ్చ పుస్తకం ఈ సందర్శనల కోసమే. నర్సు బిడ్డ బరువు చూడడంతో సరిపెట్టదు, తల్లి ఎలా ఉందో కూడా అడుగుతుంది. మొదటి బిడ్డ అయితే కొత్త తల్లిదండ్రుల గ్రూపులో కూడా చేర్చుతారు.

ఈ లెక్కలో ఒక సంగతి గమనించండి. మొదటి 8 వారాల్లో 4 సందర్శనలు ఉంటాయి. 4వ నెల తర్వాత మళ్ళీ 8వ నెలే. మన ఇళ్లలో సరిగ్గా ఆ మధ్యకాలంలోనే అమ్మ తిరుగు ప్రయాణం కడుతుంది, చూడడానికి వచ్చేవాళ్ళు తగ్గుతారు, అలసట మాత్రం మిగిలిపోతుంది. అప్పుడు తదుపరి సందర్శన దాకా ఆగనక్కర్లేదు. 13 22 29 నంబరులో ఈ సేవ నర్సులు రాత్రీ పగలూ మాట్లాడతారు. పాలిచ్చే విషయంలో ఇబ్బంది ఉంటే 1964లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఆస్ట్రేలియన్ బ్రెస్ట్‌ఫీడింగ్ అసోసియేషన్ ఉంది: 1800 686 268. ఇంగ్లీషులో చెప్పుకోలేనివారికి 131 450లో దుబాసీ సాయం అడగవచ్చు.

మన ఆచారాల సంగతి

డూలా అయినా నర్సు అయినా మన పద్ధతులు తెలియనివారే కావచ్చు. సిగ్గుపడకుండా చెప్పండి. శొంఠి, వెల్లుల్లి, మెంతులతో చేసే పథ్యం, నూనె మర్దన, వేడినీళ్ళ స్నానం, ఇవన్నీ బాలింతకు హాయినిచ్చేవే. మార్చుకోవలసినవి కొన్నే. బాలింతకు నీళ్ళు తగ్గించకూడదు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, అడిగినన్ని ఇవ్వాలి. బిడ్డ నాలుకకు తేనె రాయకూడదు. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా, దిండ్లు లేకుండా పడుకోబెట్టాలి. తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఈ మాటలు అమ్మకో అత్తగారికో కూతురు చెబితే ఒకలా ఉంటుంది, అల్లుడు చెబితే ఇంకోలా ఉంటుంది. నర్సు వచ్చినప్పుడు పెద్దవాళ్ళను కూడా పక్కన కూర్చోబెడితే ఆ ఇబ్బంది తప్పుతుంది.

దిగులును గుర్తుపట్టడం

కాన్పయిన మూడో రోజు నుంచి వారం పది రోజుల దాకా ఊరికే ఏడుపు రావడం చాలామందికి మామూలే. అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద ధ్యాస లేకపోయినా, అతిగా భయం వేసినా డాక్టరుకు చెప్పాలి. ఆస్ట్రేలియాలో తల్లుల్లో 5గురిలో ఒకరికి, తండ్రుల్లో 10 మందిలో ఒకరికి ఈ కాలంలో దిగులు గానీ ఆందోళన గానీ వస్తుందని అంచనా. "బంగారంలాంటి బిడ్డ పుట్టాడు, ఏడుస్తావేమిటి" అని మనవాళ్ళు మంచికే అంటారు. కానీ ఆ మాట విన్న తల్లి మరోసారి నోరు విప్పదు. జీపీ దగ్గర మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ రాయించుకుంటే మెడికేర్ ఉన్నవారికి ఏడాదికి 10 సార్ల దాకా సైకాలజిస్టు ఫీజులో రాయితీ వస్తుంది. పాండా సంస్థ హెల్ప్‌లైన్ 1300 726 306. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకోవాలనే ఆలోచన వచ్చినా, లేనివి కనబడుతున్నా, వినబడుతున్నా ఆలస్యం చేయకుండా 000కు ఫోన్ చేయాలి.

మనం చేయగలిగింది

మనలో చాలామంది ఆఫీసులో ఆన్‌కాల్ రోస్టరు చూసినవాళ్ళమే. ఒక్కరినే నెలల తరబడి రాత్రింబవళ్ళు ఆన్‌కాల్‌లో పెడితే ఏ మేనేజరూ ఒప్పుకోడు. ఇంట్లో బాలింతను మాత్రం అలాగే వదిలేస్తాం. కాన్పుకు ముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని మొదటి ఆరు నెలలకు రోస్టరు రాసుకోండి. అమ్మ ఉండే వారాలు, భర్త సెలవు, డూలా వచ్చే రోజులు, స్నేహితుల వంతు అన్నీ రాస్తే ఖాళీలు ఎక్కడున్నాయో కనబడతాయి. అందరి సెలవులూ మొదటి నెలలోనే ఖర్చు చేయకండి. ప్రభుత్వ పేరెంటల్ లీవ్‌కు అర్హత ఉన్నవారికి అందులో కొంత రెండో వ్యక్తికే కేటాయించారు: 2025 జులై 1 తర్వాత పుట్టిన పిల్లలకు 15 రోజులు, 2026 జులై 1 నుంచి 20 రోజులు. అందులో కొన్ని రోజులు అమ్మ ఊరెళ్ళే వారానికి దాచుకోవచ్చు.

ఇక మన బడి కుటుంబాల సంగతి. బిడ్డను చూడడానికి వెళ్ళినప్పుడు బొమ్మలు, బట్టలతో పాటు ఒక క్యారేజీ పప్పూ అన్నం పట్టుకెళ్ళండి. కాఫీ ఆ ఇంటివాళ్ళను పెట్టమనకుండా మీరే పెట్టండి. నాలుగో నెలలో మరోసారి వెళ్ళండి. పెద్ద పిల్లలను వారాంతంలో ఒక పూట మన తెలుగు బడికి మీ కారులోనే తీసుకువస్తే, ఆ తల్లికి రెండు గంటల నిద్ర దొరుకుతుంది.

పిల్లలూ, మీకూ ఒక పని ఉంది. బాలింత, పురుడు, పథ్యం, బారసాల, ఈ నాలుగు మాటలకూ అర్థం మీ అమ్మమ్మనో నానమ్మనో ఫోన్‌లో అడగండి. మీరు పుట్టినప్పుడు మీ అమ్మకు ఎవరెవరు తోడున్నారో కూడా అడిగి తెలుసుకోండి.