కరిగించాలా... వద్దా?

అమెరికాలో కూతురి దగ్గర నాలుగు నెలలుండి వచ్చారు నాన్నగారు. ఇరవై గంటల ప్రయాణంలో సీట్లోంచి లేచింది రెండుసార్లే! దిగిన మర్నాటి నుంచీ ఎడమ పిక్క వాచింది. కూర్చునీ కూర్చునీ పట్టేసిందేమోలే అనుకున్నారంతా. మూడోరోజు పొద్దున కాఫీ తాగుతూనే ఆయాసం, చెమటలు... కుర్చీలోనే వాలిపోయారు. గుండెపోటనుకుని ఆస్పత్రికి పరుగెత్తిస్తే డాక్టర్లు చెప్పింది వేరు. కాల్లో పుట్టిన రక్తపు గడ్డ గుండెను దాటి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంది. బీపీ పడిపోతోంది. 'గడ్డను కరిగించే మందు ఎక్కించాలి, ఇక్కడ సంతకం పెట్టండి!'

ఏ ఇంట్లోనైనా ఎదురుకాగల పరిస్థితే ఇది. ఇంతకీ మందుకి సంతకమెందుకు?

ఇలాంటివారికి మామూలుగా ఇచ్చేది హెపారిన్. అది గడ్డను కరిగించదు, పెరగకుండా ఆపుతుందంతే. కరిగించే పని మన ఒంట్లోని ప్లాస్మిన్ అనే ఎంజైమ్‌ది. అది నెమ్మదిగా, రోజుల తరబడి సాగే పని. గుండెకి అంత వ్యవధి లేనప్పుడు స్ట్రెప్టోకైనేజ్, ఆల్టెప్లేజ్‌ లాంటి మందులిచ్చి ప్లాస్మిన్‌ను ఒక్కసారిగా పనిలోకి దింపుతారు. ఆల్టెప్లేజ్ అయితే 100 మిల్లీగ్రాములు రెండు గంటల్లో ఎక్కిస్తారు.

స్ట్రెప్టోకైనేజ్ పుట్టుకే ఓ విచిత్రం. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి గడ్డకట్టిన రక్తాన్ని కరిగిస్తోందని 1933లో అమెరికాలో విలియం టిల్లెట్ బృందం ప్రకటించింది. రోగం తెచ్చేదే మందూ ఇచ్చిందన్నమాట!

1995లో మెక్సికో వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో ఉన్నది ఎనిమిదిమందే. అందరిదీ ప్రాణాపాయ స్థితే. స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చిన నలుగురూ బతికారు. హెపారిన్ ఒక్కటే ఇచ్చిన నలుగురూ చనిపోయారు. అధ్యయనాన్ని అక్కడితో ఆపేశారు.

మరి అందరికీ ఇచ్చేస్తే పోలా? బీపీ నిలకడగా ఉండి, గుండె కుడివైపు మాత్రం భారం పడుతున్న వెయ్యిమందికి పైగా రోగులతో చేసిన పీథో అధ్యయనం 2014లో వెలువడింది. చనిపోవడం లేదా పరిస్థితి విషమించడం హెపారిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 5.6 శాతం, టెనెక్టెప్లేజ్ కూడా ఇచ్చినవారిలో 2.6 శాతం. బాగానే ఉంది. కానీ పక్షవాతం 0.2 నుంచి 2.4 శాతానికి పెరిగింది, అదీ ఎక్కువగా మెదడులో రక్తస్రావం వల్లే. ఏ గడ్డ చెడ్డదో మందుకేం తెలుసు? కడుపులో పుండును మూసి ఉంచిన గడ్డనీ కరిగించేస్తుంది. అందుకే బీపీ నిలకడగా ఉన్నవారికి ముందు హెపారినే ఇచ్చి, కనిపెట్టుకుని ఉంటారు.

నాన్నగారికి ఆ వెసులుబాటు లేదు. సంతకానికి ముందు డాక్టరు గబగబా అడుగుతారు... ఎప్పుడైనా మెదడులో రక్తస్రావమైందా? ఈమధ్య పక్షవాతం వచ్చిందా? ఆపరేషన్ జరిగిందా? తలకి దెబ్బ తగిలిందా? విరేచనం నల్లగా అవుతోందా? ఏం మాత్రలు వాడుతున్నారు? పాత ప్రిస్క్రిప్షన్ల కవరు వెంట తెచ్చుకున్నవాళ్లకి అక్కడ కొన్ని నిమిషాలు కలిసొస్తాయి.